దైవికమా, మానుషమా? నష్టమునకు బాధ్యుని నిర్ణయించుటను గుఱించి

లోకమున నష్టము సంభవించినపుడు మనుష్యుని నోట మొదట వెలువడు మాట "ఇది యెవరివలన జరిగినది?" అనునది. పిమ్మట తఱచుగా వెలువడు మాట "అంతయు దైవాధీనము" అనునది. ఈ రెండు మాటల నడుమ నెంత యెడము కలదో, న్యాయస్థానములు ఆ యెడమును దేనితో కొలుచుచున్నవో యించుక విచారింపదలచితిమి. ఇది వకీళ్లకు మాత్రమే పనికివచ్చు చర్చ యని చదువరులు తలంపకుందురు గాక. నష్టపడినవానితో "నీకు పరిహారము ధర్మముగా రావలసియున్నది" అని చెప్పుటకును, "నీ దురదృష్టమునకు మిక్కిలి విచారించుచున్నాము" అని చెప్పుటకును గల భేద మంతయు ఈ కొలతపైననే యాధారపడియున్నది.

మా కన్నులయెదుట నున్న యుదాహరణము ములుగు సీమలోనిది. 2023వ సంవత్సరము జూలై 27వ తేదీ యుదయమునకు ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా వెంకటాపూరు మండలమందలి లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. తెలంగాణమున నొక్కదినపు వానగా అంతకుముందెన్నడును అంత నమోదు కాలేదు. ఆ వరదలోనే జంపన్నవాగు పొంగి ఏటూరునాగారము మండలమందలి కొండాయి గ్రామమును ముంచివేయగా ఎనమండుగురు ప్రాణములు గోల్పోయిరి. జంపన్నవాగు నెఱుగనివారు ఈ దేశమున నరుదు. రెండేండ్ల కొకమాఱు మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు వచ్చు లక్షల జనము స్నానమాడునది ఆ వాగుననే. అట్టి నీరు ఊరిపై బడినపుడు "తల్లి కోపించినది" అని యొకడు, "అంతటి వానకు మనుష్యుడేమి చేయగలడు" అని యొకడు, "మమ్ము ముందుగా నేల తరలింపలేదు" అని యొకడు అనుకొనుట సహజము. ముగ్గురును మూడు కారణములను జెప్పుచున్నారు. వీనిలో చట్టము దేనిని వినును, దేనిని విడుచును, ఏ న్యాయముచేత విడుచును?

మన నైయాయికులు కారణమును గుఱించి మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. నేటికిని బాలురు మొదట జదువు తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెలుగువాడే. కార్యమునకు ముందు తప్పక యుండునదై, అన్యథాసిద్ధము కానిదై యున్నదే కారణమని వారి నిర్ణయము. కుండకు మన్ను కారణము, చక్రము కారణము, దండము కారణము. కుమ్మరి తండ్రి యేమగును? అతడు లేనిదే కుమ్మరి లేడు గదా! అయినను అతడు కుండకు కారణము కాడు. మన్ను మోసికొని వచ్చిన గాడిదయు కాదు. ఆ మన్ను బండిమీద వచ్చినను కుండ యయ్యెడిదే. ఇట్లు అక్కఱలేనివానిని త్రోసిపుచ్చుటలో మన తార్కికులకు గల నేర్పు నేటి న్యాయవాదులకును ఆశ్చర్యము గొలుపదగినది.

చట్టమును మొదట నీ పనియే చేయును. "ఇది లేకున్నచో ఆ నష్టము కలుగకుండెడిదా?" అని యడిగి, ఎట్లైనను కలిగెడిదే యని తేలినదానిని విడిచిపెట్టును. కాని యీ జల్లెడలో మిగులునవి పదులకొలది. ఏదేని యొక వాగొడ్డు గ్రామమును దలంచుకొనుడు. వాన లేకున్న వరద లేదు. ఊరు పల్లమున లేకున్న మునుగదు. ఎగువ చెఱువు తెగకున్న దిగువకు నంత నీరు రాదు. రోడ్డు క్రింది తూము ఇఱుకు కాకున్న నీరు వెనుకకు దన్నదు. తాతలు అచట గుడిసె వేసికొనకున్న మనుమలకు నీ గతి పట్టదు. అన్నియు నిజమైన కారణములే. నైయాయికుడు "కుండ యెట్లు పుట్టినది?" అని యడిగినవాడు గావున ఇన్నింటిని జెప్పి యూరకుండవచ్చును. న్యాయాధిపతి "పగిలిన కుండ వెల యెవడీయవలెను?" అని యడుగువాడు, జగత్తంతయు కారణమే యని చెప్పిన ఆతనికి సమాధానము చెప్పినట్లు కాదు. కావున మిగిలినవానిని మఱల జల్లించును: ఇందు ఎవనికి జాగ్రత్త విధియై యుండెను? ఎవడు ముందుగా నూహింపగలిగియుండెను? న్యాయవాదులు దీనికి సమీపకారణమని పేరిడి, గజముతో దూరము కొలిచినట్లు మాటలాడుదురు గాని, అక్కడ కొలువబడునది కర్తవ్యమని మా యభిప్రాయము. ఈ రెండవ జల్లెడ నీతివిచారమే. దానిని భౌతికశాస్త్రమని భ్రమించుటవలన ననేకులు చిక్కులు పడుచున్నారు.

తెలుగువారి నడుమ జరిగిన యొక దారుణము దీనిని విశదపఱచును. 1910లో నొకడు, వేఱొకని ప్రాణముపై అతనికి తెలియకుండ పెద్దమొత్తములకు బీమా చేయించి, పాషాణము కలిపిన హల్వాను అతని కిచ్చెను. అతడు కొంత తిని, తక్కినదానిని పాఱవేసెను. ఆ యింటి బాలిక, ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయముది, దానిని దీసికొని తిని మరణించెను. ఎవనికొఱకు విషము కలుపబడెనో ఆతడు వ్యాధిగ్రస్తుడై తుదకు బ్రదికెను. బాలికను జంపవలెనని హంతకుడు తలంపలేదు. మొదట విచారించిన న్యాయస్థానము ఆమె విషయమున నతనిని నిర్దోషి యనెను. 1912లో మద్రాసు హైకోర్టున ఇద్దఱు న్యాయమూర్తులు భేదింపగా, మూడవవారి యభిప్రాయముతో అతడు ఆమెను హత్యచేసినవాడే యని తీర్పాయెను. విషమిచ్చినవానికిని చిన్నదాని మరణమునకును నడుమ రెండు చేతులున్నవి: పాఱవేసినవాని చేయి, ఏఱుకొన్నదాని చేయి. కాని యిరువురును విషమున్నదని యెఱుగరు. ఎఱుకలేని చేయి గొలుసును ద్రెంపజాలదు. ఒకని జంపదలచి వేఱొకని జంపినను అపరాధ మదియే యను సూత్రము నాడు పీనలుకోడులో 301వ సెక్షనుగా నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 102వ సెక్షనుగా నున్నది. నాడు భిన్నాభిప్రాయము దెల్పిన న్యాయమూర్తి సుందరయ్యరుగారి సందేహమును మేము తేలికగా గొట్టివేయజాలము. ఊహింపని ఫలమునకు మనుష్యుని నెంతవఱకు దండింపవచ్చునను ప్రశ్న గౌరవింపదగినది. అయినను, విషమును జేతులార యింటిలోనికి దెచ్చినవాడు అది యెవరి నోటబడునో తానెఱుగనని చెప్పి తప్పించుకొనుట మా మనస్సున కెక్కదు.

ఎఱిగి, స్వేచ్ఛతో దుష్కార్యము చేసినవాడే నడుమ వచ్చిన నేమగును? 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబుజైలులో నుంచబడిన తండ్రికొడుకులు, తమపై దాడి జరుగునని భయపడి అధికారులకు ముందే విన్నవించుకొనిరి. తగిన కావలి యుంచబడలేదు. రాత్రివేళ దుండగులు లోపల జొచ్చి బాంబు వేయగా తండ్రి మరణించెను. సర్కారువారు చెఱసాల నడపుట రాజ్యాధికారములోని పని యనియు, అందలి లోపమునకు పరిహార మీయనక్కఱలేదనియు వాదించిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదమును ద్రోసివైచెను. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. మాకిక్కడ ముఖ్యమైనది వేఱొక మాట. దాడినుండి కాచుటయే కావలివాని పని. ఆ దాడినే చూపి "ఇది నావలన జరుగలేదు" అనుటకు అతనికి నోరెక్కడిది?

ఇక వరదకు వత్తము. వరదను దాటించుటకే మత్తడి గట్టబడినపుడు, మత్తడి చూడవలసినవాడు వరద వచ్చెనని సాకు చెప్పవచ్చునా? ఈ ప్రశ్నపై పుట్టిన ప్రసిద్ధమైన తీర్పు తెలుగుదేశపు చెఱువులపైననే పుట్టినది గాని, దానికి ముందు ఇంగ్లండునందలి కథ నొకటి చెప్పవలసియున్నది. లాంకషైరులో నొక మిల్లు యజమాని తన మిల్లుకొఱకు జలాశయమును గట్టించెను. దాని యడుగున పాడుపడిన గనిదారు లుండుటచే నీరు దిగి పొరుగువాని బొగ్గుగనిలో జొచ్చెను. యజమాని స్వయముగా నేమఱుపాటు చేసినవాడు కాడు. అయినను, ప్రమాదకరమైన వస్తువును తన ప్రయోజనమునకై తన భూమిపై బ్రోగుచేసినవాడు, అది తప్పించుకొనిపోయినచో ఏమఱుపాటు లేకున్నను నష్ట మిచ్చుకొనవలెనని 1868లో ప్రభువులసభ నిర్ణయించెను. ఇది రైలాండ్సు నియమమని వాడుక.

ఆ నియమము మనదేశమునకు వచ్చుటకు ఆలస్యము కాలేదు. కార్వేటినగరము జమీందారీలోని రెండు చెఱువులు మహావర్షమునకు తెగి మద్రాసు రైల్వే కంపెనీవారి కట్టడములను పాడుచేసెను. కార్వేటినగరము నేడు చిత్తూరు జిల్లాలోనిది. కంపెనీవారు లాంకషైరు జలాశయమును జూపి పరిహార మడిగిరి. వ్యాజ్యము ప్రీవీకౌన్సిలువఱకు బోయెను. 1874లో వారిచ్చిన తీర్పు, మన దేశపు జీవనమును దూరమున నుండియు చక్కగా గ్రహించినదని చెప్పక తప్పదు. ఈ చెఱువులు ప్రాచీనములు. దేశమునకంతకు నీరిచ్చు నేర్పాటులోని భాగములు. వేలకొలది ప్రజలు వానిపై బ్రదుకుచున్నారు. జమీందారునకు వానిని మాన్పివేయు నధికారము లేదు, మఱమ్మతు చేయించి కాపాడవలసిన విధి కలదు. అట్టివానిని మిల్లు యజమానితో సమానము చేయరాదు. ఏమఱుపాటు రుజువైననే బాధ్యత. అది రుజువు కాలేదు గావున నష్టము కంపెనీపైననే నిలిచినది.

ఈ తీర్పులో జమీందారుల విడుదలను మాత్రము పలువురు జ్ఞాపకముంచుకొనిరి. విడుదలకు హేతువైన విధిని మఱచిరి. చెఱువనగా నేమి? కట్ట, తూము, మత్తడి. కట్ట నీటిని నిలుపును, తూము పొలమునకు వదలును, మత్తడి మిగులు నీటిని క్షేమముగా దిగువకు పంపును. మూడింటిలో మత్తడి పేదరాలు. వాన లేనియేట దానిని గుఱించి యడుగువాడుండడు. దానిలో ముండ్లు మొలచును, మట్టి పేరుకొనును. ఆక్రమించువాడు దానిముందే మడి కట్టును. మహావర్షము వచ్చిననాడు నీరు మత్తడి దారి గానక కట్టమీదుగా బొర్లును, కట్టకు గండిపడును. మన చెఱువులు గొలుసుకట్టువి. ఎగువది తెగిన దిగువవి యొకటివెంట నొకటి తెగును. అన్నిటికంటె క్రింది యూరిలో కొట్టుకొనిపోయిన గొడ్డునకు కారణము, రెండు కోసుల యెగువన పదేండ్లనాడు తీయబడని మట్టితట్ట కావచ్చును. పూర్వులు దీనిని లెస్సగా నెఱిగియుండిరి. చెఱువు త్రవ్వించి కాపాడువానికి భూమిలో దశబంధపు మాన్య మిచ్చుట, తూము గాచుటకు నీరటివాని నుంచుట, ఇవన్నియు బాధ్యతను ముందుగానే యొకని పేర వ్రాసియుంచు నుపాయములు. ములుగు సీమలో పాలంపేట రామప్ప చెఱువు, లక్నవరము చెఱువు కాకతీయుల కాలమునుండి నీరిచ్చుచున్నవన్నచో, అది రాతిబలమొక్కటే కాదు. తరతరముల మనుష్యుల యెచ్చరిక గూడ.

స్కాట్లండునందు గ్రీనకు పట్టణమువారి కథ దీనికి తోడు. అచటి కార్పొరేషనువారు పిల్లలు నీటిలో నాడుకొనుటకై యొక వాగు దారిని మార్చి చిన్న మడుగు గట్టించిరి. అసాధారణమైన వాన కురిసి, వెనుకటి దారినున్న పోకకు నీటికి దారిలేక వీధులవెంబడి బోయి రైల్వేవారికి నష్టము గలిగించెను. కార్పొరేషనువారు "ఇది దైవికము" అనిరి. 1917లో ప్రభువులసభ ఒప్పుకొనలేదు. ప్రకృతి యేర్పఱచిన దారిని మార్చినవాడు, దానికి బదులు అంత సమర్థమైన దారిని గల్పింపవలెను. అది కల్పింపక వానను నిందింపరాదు. మన రోడ్ల క్రింది తూములును, వాగులపై గట్టు వంతెనలును, చెఱువు శిఖములలో వేయు గట్టులును ఈ సూత్రముచే పరీక్షింపబడిన ఎన్ని నిలుచునో!

దైవిక మనునదే లేదని మా వాదము కాదు. 2024 ఆగష్టు 31వ తేదీన తాడ్వాయి, మేడారముల నడుమ నడవిలో పెనుగాలికి వేలకొలది వృక్షములు కూలినవి. అదే యేట డిసెంబరు 4వ తేదీ యుదయమున ములుగు సీమ కేంద్రముగా భూమి కంపించెను. దాని తీవ్రత 5.3గా నెన్నబడెను. వీనికి మనుష్యుని బాధ్యుని జేయబూనువాడు అవివేకి. చట్టమును దైవికమును అంగీకరించును, కాని రెండు నిబంధనలతో: మనుష్యుని చేయి అందు కలిసియుండరాదు, మఱియు వివేకవంతుడు దానిని ముందుగా నూహింపజాలనిదై యుండవలెను. ఈ రెండవ నిబంధన కాలముతో మాఱునది. 2013 జూలై 19వ తేదీన వాజేడులో, నేటి ములుగు జిల్లాలోనే, ఒక్కదినమున 517.5 మిల్లీమీటర్ల వాన నమోదై యుండెను. పదేండ్లకు లక్ష్మీదేవిపేట దానిని మించెను. మొదటి వరద యనూహ్యమైనచో రెండవది కొంత తక్కువ యనూహ్యము. మూడవది వచ్చునప్పటికి ఆ మాట యాడువానిని న్యాయాధిపతి తలయెత్తి చూడవలెను. దైవికమను సాకు వాడుకొలది యఱుగును.

అయిన నెవడు రుజువు చేయవలెను? ఇక్కడ బీదవాని పక్షము సన్నగిల్లును. కట్ట యెప్పుడు చూడబడినది, పూడిక యెప్పుడు తీయబడినది, హెచ్చరిక యేగంటకు వచ్చినది, ఎవరి చేతికి వచ్చినది, ఈ కాగితములన్నియు కచ్చేరీలో నుండును. ఇల్లు పోయినవాని చేతిలో నుండవు. 1964లో సుప్రీంకోర్టు పంజాబునందలి యొక కాలువ గండి వ్యాజ్యమున ఈ యిబ్బందిని గుర్తించెను. సక్రమముగా గాపాడబడు కాలువకు గట్టు ఊరక తెగదు. తెగినదనుటయే యేమఱుపాటునకు సాక్ష్యముగా నిలుచును. సర్కారు తనచేతనున్న పత్రములను జూపకున్నచో అవి తనకు ప్రతికూలములనియే యూహింపవలెను. రైలాండ్సు నియమము అట్టి కాలువలకు వర్తింపదని చెప్పుచునే, ఆ న్యాయస్థానము రైతునకు వేఱొక ద్వారమును దెఱచినది. కార్వేటినగరపు తీర్పునకు ఇది సరియైన జత యని మా తలంపు.

తన లాభమునకై ప్రమాదమును దెచ్చిపెట్టుకొన్నవాని సంగతి వేఱు. 1985 డిసెంబరులో ఢిల్లీలోని యొక కర్మాగారమునుండి విషవాయువు వెలువడిన పిమ్మట, 1986 డిసెంబరులో భగవతిగారి యాధిపత్యమున నైదుగురు న్యాయమూర్తులు, అట్టి యపాయకర పరిశ్రమలకు దైవికమను సాకును గూడ నిరాకరించిరి. లాంకషైరు నియమముకంటె ఒక యడుగు ముందుకు బోయిరి. 2020 మే 7వ తేదీ వేకువన విశాఖపట్టణము చెంత ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణింపగా, జాతీయ హరిత న్యాయస్థానము మఱునాడే 50 కోట్ల రూపాయలు ముందుగా జమకట్టుమని కంపెనీ నాజ్ఞాపించెను. రైతుల చెఱువునకు నొక కొలత, కర్మాగారపు తొట్టికి నొక కొలత యనుట పక్షపాతము కాదు. చెఱువు తెగిన నష్టపడువారిలో అనేకులు ఆ చెఱువు నీరు త్రాగినవారే. వెంకటాపురమున నిద్రించుచున్న శిశువునకు ఆ తొట్టివలన బొందిన లాభమేమి?

కొండాయివంటి యూళ్లకు తుదకు లభించునది సాధారణముగా సర్కారు సహాయధనము. విపత్తులో మరణించిన యొక్కొక్కరికి 4 లక్షల రూపాయలని నిధి నిబంధనలలో నున్నది. ఇది మంచిదే, దీనిని నిందించుటకు మాకు మనసొప్పదు. కాని యిది దయ. దయ యిచ్చినవాడు కారణము చెప్పనక్కఱలేదు, పుచ్చుకొన్నవాడు అడుగరాదు. చెక్కు చేతబడిన పిమ్మట "హెచ్చరిక యేల రాలేదు?" అని యడుగువాడు కృతఘ్నుడుగా గానవచ్చును. ఊరివారే అతనిని వారించి "వారి వ్రాత యట్లున్నది" అని యోదార్తురు. కర్మసిద్ధాంతమును సరిగా విచారించినవారు, అది చేసినవానిని జూచి "నీవు చేసినది నీవనుభవింపక తప్పదు" అని చెప్పుటకు బుట్టినదని యెఱుగుదురు. మనమో దానిని పడినవాని నోరుమూయుటకు వాడుచున్నాము. మత్తడి తీయనివాని కర్మ యేమైనదని అడుగువాడు లేడు.

ఇప్పుడు జంపన్నవాగుపైనను, దాని యుపనదులపైనను వంతెనయో, కట్టయో, తరలింపు నేర్పాటో నిర్ణయించు అధికారి బల్లమీద రెండంకెలున్నవి: 517.5, 649.8. ఈసారి నీరు వచ్చిననాడు ఆతనిని అడుగవలసిన మొదటి ప్రశ్న, ఆ రెండంకెలలో దేనికి సరిపోవునట్లు కట్టించితివి, ఆ లెక్క యే కాగితముపై నున్నది యనునది.